చుట్ట

బార్న్‌స్లీ మార్కెట్లో నాది బట్టలు సరిచేసే కొట్టు.
జిప్పులు, అంచులు, నడుం దగ్గర రెండంగుళాలు.
గురువారం ఓ పెళ్లిగౌను తిరిగొచ్చింది.
కుట్టు బాగానే ఉందట,
వాసనే బాలేదట.
"సిగరెట్" అంది పెళ్లికూతురి తల్లి
ఆ మాటను చిటికెనవేలితో పట్టుకుని
నా బల్లమీద వదిలేస్తున్నట్టు.

పక్క కొట్టు క్లిఫర్డ్ ఆలరెన్‌షాది.
ముప్పై ఏళ్లు లేతు మీద ఉక్కు తిప్పినవాడు
ఇప్పుడు రంగునీళ్ల సీసాల మధ్య స్టూలు మీద.
అంతా విన్నాడు. విననట్టే లేచి వచ్చి
నా మిషను పక్కన ఓ ఇత్తడి గొట్టం నిలబెట్టాడు.
"దీనికి బుర్ర లేదు, లవ్," అన్నాడు
(బస్సు డ్రైవర్నీ లవ్ అనే అంటాడు)
"చిప్పు లేదు, ఆపేవాడు లేడు.
నీ బుర్రే దీని బుర్ర."

రెండున్నర మిల్లీమీటర్ల స్క్రూడ్రైవరు మీద
తీగ ఆరు చుట్లు.
నా వేళ్లకది కొత్తేం కాదు, బాబిన్‌కి దారం చుట్టినట్టే,
కాకపోతే దారం ఎదురు తిరగదు.
ఇది తిరుగుతుంది.
మూడుసార్లు పాడుచేశాను. నాలుగోది చూసి
దీన్నేమంటారు మీ భాషలో, అన్నాడు.
చుట్ట, అన్నాను.
అని, నేనే ఆగిపోయాను.

మా పలాస వైపు
అమ్మమ్మ జీడిపప్పు ఒలుస్తూ అడ్డపొగ తాగేది.
చుట్ట వెలిగిన కొస నోటి లోపలికి,
మాటలు బయటికి.
నిప్పు నాలుక మీద పెట్టుకునే
మా మావయ్యల్ని తిట్టేది,
ఒక్క తిట్టు కూడా కాలకుండా.
క్లిఫర్డ్‌కి చెబితే చాలాసేపు నమ్మలేదు.
తర్వాత టోపీ తీసి కాసేపు పట్టుకున్నాడు.

మీటరు మీద అర ఓమ్.
"నాలుగు పాయింట్ రెండుని అరతో భాగించు."
ఎనిమిది పాయింట్ నాలుగు.
"బ్యాటరీ ఓర్చుకునేది?"
ఇరవై.
"సరే, బతుకుతావు."
అనులోమానుపాతం, విలోమానుపాతం అని
తొమ్మిదో తరగతిలో బెంచీ ఎక్కి వల్లించింది
ఇన్నాళ్లకి నా పెదాలకి జానెడు దూరంలో
నిజమై కూచుంది.

మీట నొక్కితే
చుట్ట ఒక పక్కే ఎర్రబడింది. అలా కాదు, అన్నాడు.
పటకారుతో నొక్కి, మళ్లీ వెలిగించి, మళ్లీ నొక్కి,
నడుమ నుంచి అంచులకి ఎరుపు పాకేదాకా.
ఇక దూది.
దూది దగ్గర మాత్రం ఆయన నాకు చెప్పక్కర్లేదు.
చంక దగ్గర గుడ్డ ఎంత వదలాలో తెలిసిన చెయ్యిది:
బిగిస్తే నీరు ఎక్కదు,
వదిలేస్తే కారుతుంది.

మొదటి పీల్పు మాత్రం మాడిన దూది.
అబద్ధమెందుకు, గొంతులో ఇస్త్రీపెట్టె పెట్టినట్టయింది.
నీళ్లు పొయ్యడం మరిచాను.

రోజూ పొద్దున్న షట్టరు ఎత్తగానే పరీక్ష.
"మొదట ఏం చూస్తావు?"
బ్యాటరీ తొడుగు చిరిగిందా అని.
"రెండోది?"
తొడుగే.
"మూడోది?"
గొట్టం అడుగున గాలి కన్నాలు మూసుకుపోలేదు కదా అని.
అప్పుడు టీ పోస్తాడు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు మావాళ్లు.
వస్తుంది. నేను చేశాను, నా చేత్తో,
కార్ పార్కులో, వానలో నిలబడి.
జేబులో సగం పెట్టె సిగరెట్లు ఇంకా ఉంది.
పారేశానని క్లిఫర్డ్‌తో అన్నాను.

ఇవాళ ఆ గౌనే మళ్లీ వచ్చింది,
రెండుసార్లు ఉతికించి, మేలిముసుగుతో సహా.
ముసుగు అంచు కుట్టి, ముక్కుకి ఆనించుకుని చూశాను.
కస్టర్డ్ వాసనా? నా భ్రమా?
పరుగున పక్క కొట్టుకి వెళ్లి
వాసన చూడు, అన్నాను.
క్లిఫర్డ్ ఆ తెల్లటి పల్చదనాన్ని
రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.
మొహం దాకా ఎత్తి, చాలాసేపు ఉంచి,
దించాడు.
"నన్నడిగి లాభం లేదు, లవ్.
నా ముక్కు ఫ్యాక్టరీలోనే పోయింది."